చెప్పుకోవలసిన బాధ

"మా అక్కయ్య ఓర్పు చూడండి. అంత మందు ఎక్కించుకుని కూడా ఒక్కనాడు అబ్బా అనలేదు" అని, పలకరించడానికి వచ్చిన వారందరితోనూ నేను చెప్పేవాణ్ణి. ఇది 2022 నాటి మాట. ఆమెకు రొమ్ము కాన్సరు. ఆపరేషను అయిన తరువాత కీమోథెరపీ కోసం పల్లెటూరి నుంచి బెజవాడ తీసుకువచ్చి మా ఇంట్లోనే ఉంచుకున్నాము. 21 రోజులకు ఒక విడత చొప్పున 8 విడతలు. అక్కయ్య పడకకుర్చీలో కూర్చుని నా పొగడ్త వినేది. వింటున్నదని నాకు తెలుసు. వినాలనే చెప్పేవాణ్ణి.

ఆ పొగడ్త ఎంత పని చేసిందో రెండో విడత అయిన పదోనాటి రాత్రి తెలిసింది.

అది చెప్పే ముందు ఈ మందు సంగతి కొంచెం చెప్పుకోవాలి. కాన్సరు కణాలు అదుపు లేకుండా పెరుగుతూ పోతాయి. కీమో మందులలో చాలావాటి పని, చురుకుగా పెరిగే కణాలను పట్టి చంపడం. అయితే మన ఒంట్లో న్యాయంగానే చురుకుగా పెరిగేవి కూడా ఉన్నాయి గదా! జుట్టు కుదుళ్ళు, నోటిలోనూ పేగుల్లోనూ ఉండే పొర, ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు. మందుకు తన పర తేడా తెలియదు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, తెల్లకణాలు తగ్గుతాయి. ఈ వైద్యానికి పునాది వేసిన వారిలో 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారు చేసిన ఎమినోప్టెరిన్‌ను బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. రోగం తాత్కాలికంగానే తగ్గినా, మందుకు కాన్సరు లొంగుతుందనే ఆశకు అదొక మొదలు. దాని తోబుట్టువు మెతోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. సుబ్బారావుగారు ఆ 1948లోనే పోయారు.

ఇక ఆ రాత్రి సంగతి. మందు ఎక్కించిన వారానికీ రెండు వారాలకూ మధ్య తెల్లకణాలు బాగా అడుగంటుతాయి. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు, కాపలా లేని ఇంట్లో దొంగలు పడడం లాంటిది. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా సరే రమ్మని ఆస్పత్రివారు ఒక కార్డు ఇచ్చారు. ఫోను నంబరు కూడా వేశారు. చదవడం, చదివించడం వృత్తిగా బతుకుతున్న నేను ఆ కార్డును చదవకుండా మందుల సంచిలో పడేశాను. అక్కయ్యకు రాత్రి పదకొండింటికే చలి పుట్టింది. ఎవరినీ లేపలేదు. జ్వరం బిళ్ళ ఒకటి వేసుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకున్నది. తెల్లవారి మా ఇంటావిడ కాఫీ తీసుకువెళ్ళి, చెయ్యి తగిలి కెవ్వుమన్నది. థర్మామీటరులో 103.

ఆస్పత్రిలో పరీక్ష చేస్తే, వేలల్లో ఉండవలసిన తెల్లకణాలు వందల్లోకి దిగి ఉన్నాయి. ఆరు రోజులపాటు నరంగుండా మందులు ఎక్కించారు. మొదటి రెండు రోజులూ డాక్టరుగారు మాతో ఆట్టే మాట్లాడలేదు. మూడోనాడు అక్కయ్యను అడిగారు: "రాత్రే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మావాడు నా ఓర్పు గురించి అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాడండీ. వాడి మాట పోతుందేమోనని" అన్నది అక్కయ్య.

నవ్వుతూనే అన్నది. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను.

మన ఇళ్ళలో ఆడవారి ఓర్పుకు వేసినన్ని మార్కులు మరి దేనికీ వెయ్యము. కాని రోగి నోరు మెదపకపోతే డాక్టరు చీకట్లో తడుములాడవలసిందే. వాంతులకు మంచి మందులున్నాయి. మొదలయ్యాక కంటె ముందే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. ఒకటి కుదరకపోతే మరొకటి. తెల్లకణాలను పెంచే ఇంజక్షనూ ఉన్నది. చెబితే గదా!

రోగి స్థితి తెలుసుకోవడానికి యూరపు పరిశోధకులు తయారు చేసిన ప్రశ్నావళి ఒకటి ఉన్నది. మొత్తం 30 ప్రశ్నలు. దానితో కొలిచేదాన్ని "జీవన నాణ్యత" అంటున్నారు. నాణ్యం అనే మాట బంగారానికీ బట్టలకూ వాడేది. తెలుగు మేష్టర్ని కనుక నాకు మొదట గిట్టలేదు. ప్రశ్నలు చూశాక మాత్రం గౌరవం కలిగింది. పోయిన వారంలో నిద్ర పట్టిందా, ఆకలి ఉన్నదా, దిగులుపడ్డారా, వైద్యంవల్ల డబ్బుకు ఇబ్బంది అయిందా, ఇలాంటివే. ధైర్యంగా ఉన్నారా అన్న ప్రశ్న అందులో లేదు.

అక్కయ్య తనకు తానే అటువంటిది ఒకటి పెట్టుకున్నది. ఊళ్ళో పాల లెక్క రాసుకునే పొడుగు పుస్తకం తెప్పించుకుని, మూడో విడత నుంచి రోజూ రాసేది. "5వ రోజు. పోపు వాసనకు వాంతి. మరదలికి చెప్పాను." "7వ రోజు. నోరు పూసింది. పెరుగన్నం చల్లగా ఉంటే దిగింది." "12వ రోజు. ఆవకాయ మట్టిలాగు ఉన్నది. ఏడుపు వచ్చింది." మా ఇంటావిడ అప్పటినుంచి వంటింటి తలుపు వేసి పోపు పెట్టేది. డాక్టరుగారు పుస్తకం తిరగేసి వాంతుల బిళ్ళ మార్చారు, నోటికి ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించమన్నారు. ఎంత పడుకున్నా తీరని ఆ అలసటకు, చేతనైనంత దూరం రోజూ నడవమన్నారు. అక్కయ్య వీధి చివరి వేపచెట్టు దాకా వెళ్ళి వచ్చేది. ఎవరో తెచ్చిన ఆకుపసరు కూడా పుస్తకంలో కెక్కింది, డాక్టరుగారు వద్దన్నారు.

జుట్టు మొదటి విడతకే రాలిపోయింది. పక్కింటావిడ "తిరుపతి వెళ్ళివచ్చారా?" అని అడిగితే, "మొక్కు వాయిదాల మీద తీర్చుకుంటున్నానండీ" అన్నది అక్కయ్య. జుట్టు సంగతి పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆమె గదిలో అద్దం మాత్రం చాలా రోజులు గోడవైపు తిరిగి ఉండేది. మేమెవరమూ దాన్ని ముట్టుకోలేదు.

ఎనిమిదో విడత అయిన నెలకు ఊరు వెళ్ళిపోయింది. 2023 సంక్రాంతికి మేము వెళ్ళేసరికి తలమీద అంగుళం జుట్టు వచ్చి ఉన్నది, ఎన్నడూ లేనిది ఉంగరాలు తిరిగి. గూట్లో ఆ పుస్తకం కనిపిస్తే తీసి చూశాను. చివరి విడత 20వ రోజు దగ్గర "ఆవకాయ రుచి తెలిసింది" అని ఉన్నది. పేజీ తిప్పితే మళ్ళీ పాల లెక్క: "లీటరు. లీటరు. లీటరున్నర. ఇవాళ నీళ్ళు కలిపాడు, అడగాలి."