ఇళ్ళు ఎందుకు పాడుబడతాయి? - డెట్రాయిట్ చెప్పే పాఠం



చదువు పూర్తయ్యాక పట్నంలో అద్దె గది కోసం తిరిగే రోజుల్లో నన్ను ముందుగా అడిగిన ప్రశ్న "ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు?" అని. జీతం ఎంత అన్నది తర్వాతి మాట. మనిషిని అతని వాడను బట్టి లెక్క కట్టడం మనకు కొత్త కాదు. అలా లెక్క కడితే ఒక మహానగరానికి ఏమవుతుందో తెలుసుకోవాలంటే అమెరికాలోని డెట్రాయిట్ కథ తెలియాలి.

ఒకప్పుడు డెట్రాయిట్ ప్రపంచానికి కార్ల రాజధాని. దాన్ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లోనే హెన్రీ ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. 1914లో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. దక్షిణాది పత్తి చేలల్లో బతుకు వెళ్ళక, వివక్ష భరించలేక నల్లజాతి కుటుంబాలు వేలాదిగా ఇక్కడికి వలస వచ్చాయి. 1950 నాటికి నగర జనాభా సుమారు 18.5 లక్షలు. 2020లో అది 6.39 లక్షలు మాత్రమే. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు తగ్గిపోయారు. వాళ్ళ ఇళ్ళు మాత్రం అక్కడే మిగిలాయి. 2014లో నగరంలో సర్వే చేసిన బృందం సుమారు 40 వేల కట్టడాలను కూల్చేయాలని చెప్పింది.

ఇలా ఎందుకు జరిగింది? ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది, కాగితం మీద గీసిన గీత. 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నగరాల పటాలకు రంగులు వేసింది. నల్లవాళ్ళుండే పేటలకు ఎరుపు, అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదమని గుర్తు. 1941లో ఒక బిల్డరు తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టబోతే, పక్కనే నల్లవాళ్ళ పేట ఉందని గృహ రుణాల శాఖ హామీ ఇవ్వలేదు. అతను మధ్యలో ఆరడుగుల ఎత్తున, దాదాపు అర మైలు పొడవున గోడ కట్టించాడు. వెంటనే హామీ దొరికింది! ఆ గోడ ఇప్పటికీ ఉంది. అప్పు పుట్టని పేటలో ఇంటికి మరమ్మతు జరగదు, అమ్ముదామన్నా కొనేవాడుండడు. పాడుబడటం అక్కడే మొదలైంది.

రెండవది, పని పోవడం. కంపెనీలు నగరం వదిలి శివార్లకు, ఇతర రాష్ట్రాలకు తరలాయి. 1947, 1963 మధ్య డెట్రాయిట్‌లో లక్షా 34 వేల ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి. ఫ్యాక్టరీల వెంట, కొత్త రోడ్ల మీదుగా తెల్లవాళ్ళూ శివార్లకు వెళ్ళిపోయారు. నల్లవాళ్ళకు అక్కడ ఇల్లు అమ్మేవారే అరుదు. 1967లో 43 మంది చనిపోయిన అల్లర్ల తర్వాత ఈ వలస ఇంకా పెరిగింది.

మూడవది, పన్నుల సుడిగుండం. జనం తగ్గితే పన్నులు తగ్గుతాయి. పన్నులు తగ్గితే బడులు మూతబడతాయి, వీధి దీపాలు ఆరిపోతాయి. అది చూసి ఇంకొందరు వెళ్ళిపోతారు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళ ధరలు కుప్పకూలినా పన్ను లెక్క ఆ మేరకు తగ్గలేదు. బకాయి మూడేళ్ళు దాటితే ఇల్లు వేలానికి వెళుతుంది. అలా సొంత ఇల్లున్న పేదలు కూడా వీధిన పడ్డారు, మరిన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 2013 జూలైలో సుమారు 18 వందల కోట్ల డాలర్ల అప్పులతో నగరమే దివాలా పిటిషను వేసింది. అప్పటికి వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలగడం లేదు.

కథ అక్కడితో ముగియలేదు. 2016 చివరికి 65 వేల కొత్త దీపాలు వెలిగాయి. ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని ఆ ఇంటివారికే 100 డాలర్లకు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఎవరూ పట్టించుకోని రోజుల్లో కూడా పక్కింటి గడ్డి కోసి, ఖాళీ జాగాల్లో కూరగాయలు పండించి వీధిని నిలబెట్టింది అక్కడే ఉండిపోయిన మనుషులు. 1957 తర్వాత మొదటిసారిగా 2023లో జనాభా కాస్త పెరిగిందని జనగణన శాఖ అంచనా వేసింది.

మిత్రులారా! "వాళ్ళ పేట అంతే, వాళ్ళకు శుభ్రం తెలియదు, వాళ్ళు బాగుపడరు" అని డెట్రాయిట్ పేదల గురించి ఎన్నో ఏళ్ళు అన్నారు. మన కాలనీల గురించీ ఆ మాట వింటూనే ఉన్నాం. ఇకపై ఎవరైనా అలా అంటే తలవంచుకోకండి. ఇక్కడికి రోడ్డు ఎప్పుడు వచ్చింది, బ్యాంకు అప్పు ఎవరికి ఇచ్చింది, కుళాయి ఎక్కడిదాకా వేశారు అని అడగండి. రేపు మీలో ఒకరు బ్యాంకు మేనేజరో, మునిసిపల్ కమిషనరో కావచ్చు. ఆ రోజు మీ బల్ల మీదికి ఒక పటం వస్తుంది. దాని మీద గీత గీసే ముందు అవతలి పక్కన మన ఇళ్ళున్నాయని గుర్తు పెట్టుకోండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి