పాట ఉంది, అక్షరం ఏదీ?



కంప్యూటరు చెడిపోయినా, వేరేచోట దాచుకున్న నకలు నుంచి ఫైళ్లను మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈ నకలునే బ్యాకప్ అంటున్నాం. అలా తెచ్చుకున్న ఫైలు తెరిస్తే అందులో తెలుగే కనిపించకపోతే ఏం చేయాలి? ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

మాది హోసూరు ప్రాంతం. బీఎడ్ ముగించిన కొత్తలో, 2006లో, చుట్టుపక్కల పల్లెల్లో అవ్వల దగ్గర కూర్చుని పెళ్లిపాటలు, సువ్విపాటలు రాసుకున్నాను. వాటిని డీటీపీ చేయించి ఒక సీడీలో పెట్టుకున్నాను. పోయిన వేసవిలో ఇంట్లో కంప్యూటరు చెడిపోతే, కొత్తది కొని సీడీలోని ఫైళ్లు అందులోకి దించాను. పేర్లు సరిగ్గా ఉన్నాయి, సైజులూ సరిపోయాయి. తెరిచి చూద్దును గదా, ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవేవో అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. పాడిన అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. మళ్లీ ఎవరిని అడిగేది?

కంప్యూటరు అంగడి అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. చూసి, "ఐవారూ, దీన్ని వైరస్ తినేసింది, తుడిచేద్దామా?" అన్నాడు. తుడవనియ్యలేదు. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను.

అసలు జరిగింది ఇది. కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా దాచదు, అంకెగా దాచుతుంది. ఆ అంకెకు ఏ బొమ్మ చూపాలో చెప్పేది ఫాంటు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే మన తలకట్టునూ, గుడినీ, ఒత్తులనూ కూర్చోబెట్టారు. ఆ ఫాంటు కంప్యూటరులో ఉన్నంతకాలం తెలుగు కనిపిస్తుంది. లేకపోతే అవే అంకెలు ఇంగ్లీషు వేషంలో బయటికొస్తాయి. నేను ఫైళ్లు దాచుకున్నాను గాని ఫాంటు దాచుకోలేదు. ధాన్యం గాదెలో పోసి తాళంచెవి పారేసుకున్నట్టయింది.

యూనికోడ్‌లో ఈ చిక్కు లేదు. 1991లో దాని తొలి రూపం వచ్చినప్పుడే తెలుగుకు సొంత స్థానాలిచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పనుల్లో పాత ఫాంట్లే చాలాకాలం నడిచాయి.

మీకూ ఇలా జరిగితే, వర్డ్‌లో ఆ గజిబిజి మధ్య ఒకచోట క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు చూపే గడి చూడండి. తెరమీద కనిపించేది ఇంగ్లీషే అయినా, పాత ఫాంటు పేరు అక్కడ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తొందరపడి మొత్తానికి గౌతమి పెట్టి సేవ్ చేశారో, తెలుగు రాదు సరికదా, ఉన్న ఆ ఆనవాలు కూడా పోతుంది. ఎర్రగీతలు చూసి స్పెల్లింగులు దిద్దడమూ వద్దు, దిద్దితే నిజంగానే అక్షరాలు మారిపోతాయి. అందుకే ముందు ఫైలుకు ఇంకో నకలు తీసి, దానిమీదే పని చేయండి.

పేరు దొరికాక, అప్పుడు డీటీపీ చేసినవారిని అడిగి అదే ఫాంటు తెచ్చుకోవాలి. పాత హార్డ్‌డిస్కు ఇంకా పనిచేస్తుంటే, అందులో విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ అనే చోట వెతకవచ్చు. ఫాంటు ఫైలుమీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కి, వర్డ్‌ను మూసి మళ్లీ తెరవండి. నాకు రెండు వారాలు పట్టింది, కానీ పాటలన్నీ వచ్చాయి.

అన్ని గజిబిజులూ ఒకటి కావు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే, చాలావరకు అది యూనికోడ్ రాతే, తెలుగు ఫాంటు చేరిస్తే చాలు. వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం కష్టం. నోట్‌ప్యాడ్‌లో తెలుగును ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తే, అక్షరం చెరిగిపోయి నిజంగా ప్రశ్నార్థకమే మిగులుతుంది. ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు, అంతకుముందు తీసిన నకలు వెతుక్కోవాలి.

నా పాటలను ఇప్పుడు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతున్నాయి. అందుకని పాత ఫైళ్లను, ఫాంటును, ఒక పీడీఎఫ్ ప్రతిని కలిపి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాను. ఒకటి మా ఇంట్లో, ఇంకొకటి మా చెల్లెలి ఇంట్లో ఉంది.