మాంద్యంలో పని, పంతులు, ఇల్లు

ముందుగా ఒక మనవి. నేను బి.యస్‌సి. విద్యార్థిని. అర్థశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా ఈ సంచికకు మాంద్యం గురించి రాస్తానని సంపాదకవర్గం వారికి మాట ఇచ్చేశాను. దానికి కారణం మా ఇంట్లో ఏడాదిగా తెగని ఒక పంచాయితీ. డిగ్రీ అయిపోగానే బి.ఇడి. చేసి సారునవుతానని నేనంటాను. ఇరవై గుంటలు అమ్మి పట్నం అంచున ఒక ప్లాటు కొందామని నాయిన అంటాడు. అమ్మ ఏ పక్షమూ కాదు. "మొదలు పని దొరకనియ్యుండ్రి" అని వంటింట్లోకి పోతుంది.

మా ఇంట్లోనే కాదు, బస్సులో, రచ్చబండ దగ్గర, మన హాస్టల్ మెస్సులో కూడా ఈ మూడింటిమీద మూడు మాటలు వినబడుతుంటాయి. "సారు కొలువుకు ఢోకా లేదు." "ఇండ్ల ధర ఎన్నడూ దిగదు." "ఒళ్ళు వంచేటోనికి పనికి కరువా?" మంచి రోజుల్లో ఈ మూడూ నిజాలే అనిపిస్తాయి. వీటికి అసలు పరీక్ష పెట్టేది మాంద్యం. అట్లాంటి పరీక్షను మన ఈడువాళ్ళం 2020లో కళ్ళారా చూశాం. అప్పుడు నేను పదో తరగతి. మూడు పేపర్లు రాశాం, మిగతావి రద్దయ్యాయి, అందరం పాసయ్యాం! ఆ సంబరంలో చుట్టూ ఏం జరుగుతోందో నాకు వెంటనే తలకెక్కలేదు.

మాంద్యమంటే డబ్బు మాయమైపోవడం కాదు. చేతులు మారడం తగ్గిపోవడం. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం కదా! ఆటో నడిపేవాడు హోటల్లో టీ మానేస్తే హోటల్ యజమాని ఒక పనివాణ్ణి తగ్గిస్తాడు. ఆ పనివాడు పిల్లవాడి ఫీజు ఆపుతాడు. ఫీజు ఆగితే బడిలో జీతం ఆగుతుంది. జీతం ఆగిన సారు ఆటో ఎక్కడు. చక్రం తిరిగి మొదటికే వస్తుంది. ఇందులో ఎవరూ సోమరి కాదు, ఎవరిదీ దుర్బుద్ధి కాదు. ఒక్కొక్కడూ తన ఇంటికి బుద్ధిమంతుడిగానే నడుచుకున్నాడు. అందరూ కలిసి మునిగారు. 1936లో కీన్స్ అనే ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త పెద్ద పుస్తకం రాసి చెప్పిన విషయంలో సారాంశం దాదాపు ఇదే.

కాబట్టి మూడో మాట సంగతి ముందే తేలిపోతుంది. అమెరికాలో 1929లో పని లేనివాళ్ళు నూటికి ముగ్గురో నలుగురో. 1933 నాటికి నూటికి సుమారు 25 మంది. నాలుగేళ్ళలో దేశంలో నాలుగో వంతు మందికి ఒళ్ళు బరువెక్కిందా? మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే నూటికి దాదాపు 24 వంతులు పడిపోయింది. ఆ మూడు నెలల్లో కాస్త పెరిగింది వ్యవసాయం ఒక్కటే. మా వడ్లు ఊళ్ళోని ఐకేపీ కేంద్రంలోనే కొన్నారు. అందుకే పట్నం నుంచి జనం ఊళ్ళకు నడిచి వచ్చారు. పని ఊళ్ళో పుష్కలంగా ఉందని కాదు, తిండి ఉందని.

అట్లా వచ్చినవాళ్ళలో మా పెద్దనాయిన కొడుకు ఒకడు. ఎమ్మెస్సీ లెక్కలు, బి.ఇడి. పట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పేవాడు. 2020 మార్చి నెల జీతం సగం వచ్చింది. ఏప్రిల్‌ది రాలేదు. మే వచ్చేసరికి ఫోను ఎత్తడం మానేశారు. మే నెలాఖరులో అన్న మా అమ్మతోపాటు ఉపాధి హామీ పనికి వచ్చాడు. పార పట్టి కందకం తవ్వాడు. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజుకూలి 237 రూపాయలని నిర్ణయించారు. కొలత ప్రకారం చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. మొదటి రోజు మధ్యాహ్నానికే అరచేతులు పొక్కిపోయాయి. అయినా ఆ వారం కొలతలు రాసేటప్పుడు మేటు చేసిన తప్పు పట్టుకున్నది అన్నే. గుంత పొడవు, వెడల్పు, లోతు గుణించి మళ్ళీ లెక్క చెప్పాడు. కూలీలందరికీ తలా కొంత పెరిగింది. "లెక్కల సారు మన పక్కనుంటే లాభమే" అని అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు.

తర్వాత 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అన్న బియ్యం తెచ్చుకోవడానికి రేషన్ షాపు ముందు నిలబడ్డాడు. పంతులుకు ఢోకా లేదన్న మాట ఆ వరుసలోనే చచ్చిపోయిందని నా అభిప్రాయం. ప్రభుత్వ ఉపాధ్యాయుల సంగతి వేరు. వారికి కూడా 2020 మార్చి నుంచి మూడు నెలలు సగం జీతం ఆపి, తర్వాత ఇచ్చారు. ఇచ్చారన్నదే తేడా! ప్రభుత్వం పన్ను వేయగలదు, అప్పు తేగలదు. ప్రైవేటు బడికి ఆటో డ్రైవరు కట్టే ఫీజు తప్ప దిక్కు లేదు. "సర్కారు సారు అయితే అట్లుంటది" అని నాయిన అంటాడు. కావడం అంత సులువా? మన రాష్ట్రంలో 2017 నాటి నియామక ప్రకటన తర్వాత మళ్ళీ పెద్ద ప్రకటన 11,062 పోస్టులతో 2024లో వచ్చింది. ఏడేళ్ళు! అన్న రాశాడు. కొద్దిలో పోయింది.

ఇక అన్న చెప్పిన ఒక ముక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. జీతాలు ఆపిన నెలలో కూడా ఆ బడివాళ్ళు బిల్డింగు కిరాయి కట్టారట. పాఠం చెప్పినవాడికి లేదు, గోడలకు ఉంది! ఎందుకని? ఇక్కడే ఇంటి ధర రహస్యం కూడా ఉందని నాకు తోస్తుంది.

మా జిల్లావాళ్ళకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఆ లాక్‌డౌన్‌లో మా బత్తాయి తోట కాపుకొచ్చింది. లారీ దొరకలేదు. కాయ చెట్టుమీద ఎన్నాళ్ళో ఆగదు. వచ్చినవాడు ఎంతిస్తే అంతకు తెగనమ్మాం. అదే మిర్చి అయితే? ఎండబెట్టి కోల్డు స్టోరేజీలో పెట్టి, కాగితం పెట్టెలో దాచుకుని ధర కోసం ఎదురుచూడవచ్చు. కూలి, పాఠం రెండూ బత్తాయి జాతి. కాదు, అంతకన్నా త్వరగా చెడిపోయేవి. నిన్న చెప్పని పాఠాన్ని, నిన్న తవ్వని గుంతను ఇవాళ అమ్ముకోలేం. ఇల్లు మిర్చి జాతి. యజమానికి ఈ ఏడు ధర నచ్చకపోతే తాళం వేసి ఊరుకుంటాడు. అందుకే మాంద్యంలో ఇళ్ళ విషయంలో ముందు పడేది ధర కాదు, అమ్మకాలు. 2020లో హైదరాబాదులో జరిగింది అదే. అమ్మకాలు తగ్గాయి, ధరలు చాలావరకు నిలబడ్డాయి. అది చూసి "చూసినవా, దిగలే" అని నాయిన గెలిచినట్టు మాట్లాడతాడు.

కాని ఆగగలిగినవాడి ఇల్లు మాత్రమే మిర్చి. అప్పు మీద కొన్న ఇల్లు, వాయిదా తప్పితే, ఒక్క రాత్రిలో బత్తాయి అయిపోతుంది! అమెరికాలో 2006 తర్వాత జరిగింది ఇదే. స్తోమతు చూడకుండా ఇచ్చిన అప్పులు. మొదట్లో తక్కువ, పోనుపోను పెరిగే వాయిదాలు. కట్టలేనివాళ్ళ ఇళ్ళను బ్యాంకులు స్వాధీనం చేసుకుని వచ్చిన ధరకు అమ్మాయి. ఒక ఇల్లు తక్కువకు పోతే పక్కింటి ధరా దిగింది. 2012 నాటికి దేశం మొత్తంమీద ఇళ్ళ ధరలు నాలుగో వంతుకు పైగా పడిపోయాయి. "ఎన్నడూ దిగదు" అని అక్కడా అందరూ అన్నవాళ్ళే. 2020లో మన దగ్గర బ్యాంకు వాయిదాలకు మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలల గడువు ఇచ్చారు. వడ్డీ తప్పలేదు గాని, అప్పున్నవాడికి కూడా ఆగే శక్తి దొరికింది. అన్న జీతానికి అట్లాంటి గడువు ఎవరిస్తారు?

ఇంకో కారణం వడ్డీ. ఇది లెక్క గనుక అన్న సాయంతో కాగితంమీద వేసి చూశాను. 30 లక్షల అప్పు, 20 ఏళ్ళు. వడ్డీ 9 శాతమైతే నెలకు సుమారు 27,000 రూపాయలు. 7 శాతమైతే సుమారు 23,250. అనగా అదే 27,000 కట్టగలవాడికి 7 శాతం వడ్డీమీద దాదాపు 34 లక్షల 80 వేల అప్పు పుడుతుంది. జీతం ఒక్క రూపాయి పెరగలేదు, కొనే శక్తి మాత్రం దాదాపు అయిదు లక్షలు పెరిగింది. రిజర్వు బ్యాంకు 2020 మేలో రెపో రేటును 4 శాతానికి దించి, రెండేళ్ళు అక్కడే ఉంచింది. ఇంటి అప్పులు 7 శాతం లోపు కూడా దొరికాయి. ఉద్యోగం పోనివాళ్ళకు, ముఖ్యంగా ఇంట్లో కూచుని కంప్యూటరు పని చేసుకున్నవాళ్ళకు, అది మాంద్యమే కాదు, అదను. 2021 జులైలో కోకాపేట వేలంలో ఎకరం సగటున 40 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో ఒక చోట 100 కోట్లు దాటింది. అన్న బియ్యం మూట మోసుకొచ్చిన మూడు నెలలకే ఆ మొదటి వేలం! రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే మాంద్యంలో. అందరమూ ఒకే పడవలో ఉన్నామనేవాళ్ళను చూస్తే నాకు అందుకే ఒళ్ళు మండుతుంది.

ఇంటి ధర దిగితే పంతులుకు మేలా అంటే అదీ కాదు. అమెరికాలో బడులకు డబ్బులో పెద్ద భాగం స్థానికంగా ఇళ్ళు, భూములమీద వేసే పన్ను నుంచి వస్తుంది. 1930 దశకం మొదట్లో షికాగోలో ఆ పన్ను సరిగా వసూలు కాక టీచర్లకు నెలల తరబడి జీతాలు అందలేదు. కొన్నిసార్లు నగదుకు బదులు తర్వాత చెల్లిస్తామనే కాగితాలు ఇచ్చారు. వాటిని అంగళ్ళవాళ్ళు పూర్తి విలువకు తీసుకోలేదు. 1933 ఏప్రిల్‌లో టీచర్లు బ్యాంకులమీదికి ఊరేగింపుగా వెళ్ళి లోపల చొరబడ్డారు. ఆ ఫొటోలలో కోట్లు, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులను చూస్తే రేషన్ వరుసలో ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డ మా అన్న గుర్తొచ్చాడు. 2008 మాంద్యం తర్వాతా ఇళ్ళ విలువలు, రాష్ట్రాల ఆదాయాలు పడిపోయి, 2012 లోపల అక్కడి స్థానిక విద్యాసంస్థల్లో 3 లక్షల దాకా ఉద్యోగాలు పోయాయి. అక్కడ ఇల్లు పడి పంతులు పడ్డాడు. ఇక్కడ ఇల్లు నిలబడి కూడా పంతులు పడ్డాడు.

ఈ సంగతులన్నీ నాయినకు మొన్న దసరా సెలవుల్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. మరునాడు నన్నూ, అన్ననూ వెంటబెట్టుకుని ప్లాటు చూపించడానికి తీసుకుపోయాడు. ఎర్రమట్టి రోడ్లు, రంగు వేసిన రాళ్ళు, ఒక పెద్ద ఆర్చి. ఇళ్ళు మాత్రం లేవు. ఏజెంటు కూల్‌డ్రింకులు ఇచ్చి, రెండేళ్ళలో డబుల్ అవుతుందన్నాడు. అన్న ఒకటే అడిగాడు. "ఆపదొచ్చి అమ్మాలంటే ఎన్నిరోజులల్ల అమ్ముడుపోతది సార్?" ఏజెంటు, "అమ్మే పని మీకెందుకొస్తది సార్?" అని నవ్వాడు.

తిరుగు బస్సులో నాయిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "బత్తాయి తోటకు ఈసారి నీళ్ళు సాలుతయో లేదో" అన్నాడు.

ఇరవై గుంటలు ఇంకా అమ్మలేదు. అమ్మమని కూడా అనలేదు. నేను బి.ఇడి. ప్రవేశపరీక్షకు పుస్తకాలు కొనుక్కున్నాను. డబ్బు అన్న పంపాడు. ఇప్పుడు వేరే బడిలో లెక్కలు చెబుతున్నాడు. ఆ నెల జీతం పదో తారీకున పడిందట.