ఒకే వ్యాధి – వేర్వేరు గతులు

ఒకే తల్లి బిడ్డలగు నన్నదమ్ములకు ఒకే కాలేయవ్యాధి సంక్రమింపవచ్చును. ఒకనికి నలువదియేండ్లకే కాలేయము గట్టిపడి కడుపులో నీరు చేరును. రెండవవాఁడు ముదిమివఱకు నారోగ్యముగనే యుండును. అట్టియెడ మన పల్లెలలో పూర్వజన్మపాపమనియో, కోడలు మెట్టిన వేళ మంచిది కాదనియో నిందలు బయలుదేరును. ఇది న్యాయము కాదని సోదరీమణులకు మనవిచేయుచున్నాము.

దీర్ఘకాలము కాలేయమును బాధించు వైరస్సులలో ముఖ్యమైనవి హెపటైటిస్ బీ, సీ యనునవి. ఇవి రక్తముద్వారమునను, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించును. కలసి భుజించినంతమాత్రమున సోఁకవు. వీనిలో బీ వైరస్సు బయల్పడిన విధము వింతైనది. అమెరికా దేశీయుఁడగు బరూక్ బ్లంబర్గు పండితుఁడు వేర్వేరు జాతుల రక్తమునందు వంశపారంపర్యముగ వచ్చు భేదములను వెదకుచుండెను. ఆ వెదకులాటలో ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి రక్తమునఁ గనఁబడిన పదార్థమును గూర్చి యాయన 1965లో ప్రకటించెను. అది తుదకు ఈ వైరస్సుయొక్క భాగమని తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

వైరస్సు ఒకటియే యైనను దానిని గుర్తించి యెదిరించు శక్తి అందఱికి నొక్కతీరున నుండదు. మా చేజర్ల పొలములలో ఒకే వాన కురిసినను, ఒక మడి నీటిని నిలుపును, వేఱొకటి యింకించుకొనును గదా! 2009లో జపాను పండితులు హెచ్.ఎల్.ఏ.-డీపీ యను జన్యువులందలి భేదములకును, బీ వ్యాధి దీర్ఘకాలము నిలుచుటకును సంబంధము కలదని కనుఁగొనిరి. పీ.ఎన్.పీ.ఎల్.ఏ.3 అను జన్యువునం దొక్క యక్షరము మాఱినవారికి కాలేయమునఁ గ్రొవ్వు చేరుటయు, సీ వ్యాధిలో కాలేయము గట్టిపడుటయు నెక్కువ. తోడఁబుట్టినవారైనను తలిదండ్రులనుండి యొకే వాటా పొందరు.

అయినను జన్యువు నుదుటివ్రాత కాదు. సోఁకిన వయస్సు మిక్కిలి ముఖ్యము. పుట్టుకలో బీ సోఁకిన శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధియై నిలుచును. పెద్దలలో నూటికి 5గురికైనను నిలువదు. కావున పుట్టిన 24 గంటలలోపల శిశువునకు టీకా వేయింపవలెను. మన నెల్లూరు జిల్లావారే యగు వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, 1997లో ఈ టీకాను హైదరాబాదునుండి చౌకగ నందించినది.

ఇంట నొకరికి ఈ వ్యాధి యున్నదని తెలిసినచో తక్కినవారందఱును రక్తపరీక్ష చేయించుకొనవలెను. గర్భిణులు మఱవరాదు. పసరులతో, వాతలతో కాలము గడపరాదు. మద్యము ముట్టరాదు. సీ వ్యాధి మూడునెలల మాత్రలతో పెక్కుమందికి నయమగుచున్నది. బీ వ్యాధిని మందులతో నదుపునం దుంచవచ్చును. 2018లో నారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షలును మందులును ఉచితముగ లభించును. కోడలిని నిందించుటకు వెచ్చించు దినమును ఆసుపత్రికిఁ బోవుటకు వెచ్చించినచో ఒక ప్రాణము నిలువవచ్చును.