కుక్క కరచినప్పుడు ముందు చేయవలసిన పని



మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కుక్క కరచిన పిల్లవాణ్ణి ప్రార్థన కొరకు సంఘకాపరి యొద్దకు తీసుకొని వస్తుంటారు. ప్రార్థిద్దాం. అయితే అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటున్నది. అదెందుకో తెలియాలంటే వైరస్ అంటే ఏమిటో తెలియాలి.

వైరస్‌కు సొంత బ్రతుకు లేదు. ప్రొటీన్ తొడుగులో ఇమిడిన కొద్దిపాటి జన్యుపదార్థమే అది. జీవకణానికి అతుక్కొని, లోపల ప్రవేశించి, ఆ కణం చేతనే తనవంటి వాటిని అనేకంగా తయారు చేయించుకొంటుంది. అవి బయటపడి ఇతర కణాలను పట్టుకొంటాయి. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ మాత్రలు వీటిపై పనిచేయవు.

వైరస్‌లన్నీ ఒకే రకం కావు. మశూచి, ఆటలమ్మ వైరస్‌లలో డి.ఎన్.ఏ. ఉంటుంది. పోలియో, తట్టు, డెంగ్యూ, రేబిస్ వైరస్‌లలో ఆర్.ఎన్.ఏ. ఉంటుంది. హెచ్.ఐ.వి. తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి మన కణపు జన్యువులలోనే కలిపేస్తుంది. అవి వచ్చే దారులూ వేరే. తట్టు గాలి ద్వారా, డెంగ్యూ దోమకాటు ద్వారా వస్తాయి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది మరణించారు. దానికి కారణమని పరిశోధకులు గుర్తించిన చాందీపుర వైరస్‌ను ఇసుక ఈగలు మోసుకొస్తాయి. అది రేబిస్ కుటుంబానికి చెందినదే.

రేబిస్ వచ్చే దారి కుక్క కాటు. పిచ్చికుక్క చొంగలోని వైరస్ గాయంలో చేరి, నరాల కొనలను పట్టుకొని, వాటి వెంబడి మెదడు వైపు సాగుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. మనకున్న అవకాశం ఆ వ్యవధే. నీళ్లను చూచి భయపడే దశ వచ్చాక బ్రతికి బయటపడడం దాదాపు అసాధ్యం.

కాబట్టి కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. వైరస్ పైనున్న కొవ్వు పొరను సబ్బు చెడగొడుతుంది. కారం, సున్నం, పసరు పూయవద్దు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే సీరం కూడా అవసరం. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్న భయం ఇక వద్దు. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే మానివేశారు. ఇప్పటివి చేతికి వేస్తారు. చెప్పిన తేదీలలో ఒక్కటీ మానక అన్నీ వేయించండి.

బిడ్డను తీసుకొని ఆసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన దారిలోనూ చేయవచ్చు.