లాలాజల సాక్ష్యము

సంక్రాంతి దినములలో గోదావరి సీమయందలి ఏ గ్రామమునకు పోయి చూచినను, కోతలు ముగిసిన చేలయందో, కాలువగట్టు ప్రక్కనున్న ఖాళీ స్థలమునందో బాలురు చెడుగుడు ఆడుచుండుట కానవచ్చును. కూతకు వచ్చిన బాలుని నలుగురు చుట్టుముట్టి పట్టుదురు. అతడు గీతను అందుకొనవలెనని పెనగులాడును. ఆ పెనగులాటలో ఒకని మోకాలు అతని కణతకు బలముగా తగులును. బాలుడు క్షణకాలము దిమ్మెరపోయి నిలుచును. చుట్టునున్నవారు "ఏమియు లేదు, లేచి ఆడు" మందురు. అతడును తల విదలించుకొని, మట్టి దులుపుకొని, మరల ఆటలో ప్రవేశించును. చూచువారు అతని ధైర్యమును మెచ్చి చప్పట్లు కొట్టుదురు.

ఆ చప్పట్లు ఆ బాలునకు మేలు చేయునా, కీడు చేయునా అని ఎవరును ఆలోచింపరు.

తలకు తగులు దెబ్బలు రెండు విధములు. నెత్తురు కారుట, బొప్పి కట్టుట, ఎముక చిట్లుట మొదలైనవి బయటికి కానవచ్చును. వానిని చూచిన వెంటనే తల్లిదండ్రులు కంగారుపడి బిడ్డను వైద్యుని యొద్దకు కొనిపోవుదురు. రెండవ విధమైన దెబ్బ బయటికి కానరాదు. చర్మము చెక్కుచెదరదు, ఎముక విరుగదు. కాని లోపల మెదడు అదరును. వైద్యులు దీనిని కంకషన్ అందురు. తెలుగున దీనిని మెదడు అదురు అనవచ్చును.

అంబాజీపేట విపణిలో కురిడీ కాయలను చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. కురిడీని చెవియొద్ద నుంచుకొని ఆడించినచో, లోపలి కొబ్బరి గుండు చిప్పకు తగిలి చప్పుడు చేయును. చిప్పకు బీట వారదు. లోపలి గుండు మాత్రము కదలును. మన కపాలము ఆ చిప్పవంటిది. దానిలో పెద్దవారికి సుమారు 1,400 గ్రాముల బరువుగల మెత్తని మెదడు ఇమిడియున్నది. అయితే కురిడీకిని తలకును ఒక భేదము కలదు. మెదడు చుట్టును పలుచని ద్రవము ఆవరించియుండి, నడకలోను పరుగులోను కలుగు చిన్న కుదుపులనుండి దానిని కాపాడుచుండును. పెద్ద కుదుపు కలిగినప్పుడు ఆ రక్షణ చాలదు. మెదడు లోపల కదలి, మెలితిరిగి, దానియందలి సన్నని నాడీతంతువులు సాగును. ఇందుకు తలకే దెబ్బ తగులనక్కరలేదు. దేహమునకు తగిలిన తాకిడివలన తల విసురుగా ఊగినను మెదడు అదరవచ్చును.

స్పృహ తప్పిననే మెదడు అదరినట్లని పలువురు తలచుచుందురు. అది పొరపాటు. ఇట్టి దెబ్బ తగిలినవారిలో ఎక్కువమంది స్పృహ కోల్పోరు. తలనొప్పి, తల తిరుగుట, వికారము, చూపు మసకబారుట, వెలుతురును సహింపలేకపోవుట, విన్నమాట మరచుట, చదివినది తలకెక్కకపోవుట, నిద్ర చెడుట, కారణములేని చికాకు అనునవి దీని లక్షణములు. వీనిలో కొన్ని వెంటనే పొడసూపును. కొన్ని గంటల తరువాత గాని, మరునాడు గాని బయటపడును. ఎముక విరిగినచో ఎక్స్‌రే చూపును. మెదడులో నెత్తురు చేరినచో సి.టి. స్కాన్ చూపును. కాని మెదడు అదిరినవాని స్కాన్ చిత్రము సాధారణముగా ఆరోగ్యవంతుని చిత్రమువలెనే యుండును.

మరి లోపల జరుగునదేమి? నాడీకణముల చుట్టును పలుచని పొర యొకటి గోడవలె నుండును. కణము లోపల పొటాసియమును, వెలుపల సోడియము, కాల్షియములును అధికముగా నుండవలెను. మెదడు అదరినప్పుడు ఆ గోడయందలి ద్వారములు అకాలమున తెరచుకొనును. కాలువకు గండిపడి నీరు చేలలోనికి పారినట్లు, పొటాసియము బయటికిని, సోడియము, కాల్షియములు లోనికిని ప్రవహించును. గండి పడిన పిమ్మట రైతులు రేయింబవళ్లు నీటిని తోడిపోసినట్లే, కణములును తమలో చేరిన లవణములను తోడిపోయవలెను. ఆ పనికి ఎంతో శక్తి కావలెను. శక్తి ఎక్కువగా కావలసిన ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఆదాయము తగ్గి, వ్యయము పెరిగిన సంసారమువలె మెదడు కొన్ని దినములపాటు ఇబ్బందిలో నుండును.

కణములు వెచ్చించు ఆ శక్తికి నాణెము వంటి పదార్థమునకు ఏ.టి.పి. అని పేరు. దానిని లోకమునకు తెలియజేసినవారిలో గోదావరి సీమ బిడ్డ యొకరు ఉండుట తెలుగువారికి గర్వకారణము. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు. 1895వ సంవత్సరము జనవరి 12న భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, మదరాసున వైద్యవిద్య నభ్యసించి, ఆయన అమెరికాకు పోయిరి. అచ్చట హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి పరిశోధించి, 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను గూర్చియు, 1929లో ఏ.టి.పి.ని గూర్చియు ప్రకటించిరి. ఆ కాలముననే జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. కండరము కదలుటకును, మెదడు ఆలోచించుటకును, అదిరిన మెదడు కోలుకొనుటకును ఆ నాణెమే ఆధారము.

అదిరిన మెదడు కోలుకొనకమునుపే మరియొక దెబ్బ తగిలినచో, అది మొదటి దెబ్బకంటె చిన్నదైనను హాని పెద్దది కావచ్చును. అరుదుగానైనను, ఎదుగుచున్న వయస్సువారి మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణాపాయము కలిగిన సంఘటనలు వైద్యగ్రంథములలో నమోదైనవి. కావున "దెబ్బ తగిలినదా?" అను ప్రశ్న ఎంత ముఖ్యమో, "మెదడు కోలుకొన్నదా?" అను ప్రశ్నయు అంత ముఖ్యము.

ఈ ప్రశ్నలకు సమాధానము ఎట్లు తెలియును? ఇన్నాళ్లుగా వైద్యులు ఆటగానినే అడిగి తెలిసికొనుచున్నారు. "ఇది ఏ ఊరు? చివరి పాయింటు ఎవరిది?" అని ప్రశ్నింతురు. కొన్ని మాటలు చెప్పి, తిరిగి చెప్పుమందురు. ఒంటికాలిపై నిలువుమందురు. ఇవన్నియు మంచి పరీక్షలే. కాని ఆడవలెనను ఆత్రముగల బాలుడు తలనొప్పిని దాచును. దాపరికము లేనప్పుడును ఈ పరీక్షలు కొన్నిసార్లు చాలవు. 2019 ఆగస్టులో లండనునందలి లార్డ్స్ మైదానమున టెస్టుపందెము జరుగుచుండగా, ఆస్ట్రేలియా ఆటగాడగు స్టీవ్ స్మిత్ మెడపై, చెవి దిగువన వేగముగా వచ్చిన బంతి తగిలెను. ఆయన మైదానమును విడిచి, పరీక్షలలో నెగ్గి, ఆ దినముననే తిరిగివచ్చి ఆడెను. మరునాటి ఉదయమున తలనొప్పియు మగతయు పైకొనెను. అంతట ఆయనను తప్పించి మార్నస్ లబుషేన్‌ను ఆడించిరి. టెస్టు క్రికెట్టులో మెదడు అదిరిన ఆటగానికి బదులుగా మరియొకడు ఆడుట అదియే మొదటిసారి. చుట్టును వైద్యులున్న చోటనే ఇట్లైనచో, వైద్యుడే లేని పల్లెటూరి మైదానమున సంగతి చెప్పవలెనా?

ఆటగాని మాటతో నిమిత్తము లేక, అతని దేహమే సాక్ష్యము చెప్పినచో ఎంత బాగుండును! ఆ సాక్ష్యమును శాస్త్రజ్ఞులు లాలాజలమునందు వెదకుచున్నారు. మన యిండ్లలో నోట సోకినదానిని ఎంగిలియని దూరముగా నుంచుట ఆచారము. ఉమ్మికి ఎచ్చటను గౌరవము లేదు. కాని మూడు జతల పెద్ద గ్రంథులనుండి ఊరు ఈ జలము అన్నమును నానబెట్టుటకు మాత్రమే కాక, దేహస్థితిని తెలుపుటకును పనికివచ్చును. ఈ గ్రంథులను మెదడునుండి నేరుగా వచ్చు నాడులే నడిపించుచున్నవి.

లాలాజలమునందు కానవచ్చు పదార్థములలో మైక్రో ఆర్.ఎన్.ఏ.లు కొన్ని. ఇవి సుమారు 22 అక్షరములు మాత్రమే గల అతిచిన్న లేఖల వంటివి. డెల్టా కాలువలపై లాకుల తలుపులు ఏ కాలువకు ఎంత నీరు పోవలెనో నిర్ణయించునట్లు, కణములో ఏ మాంసకృత్తు ఎంత తయారు కావలెనో నిర్ణయించుటలో ఇవి పాల్గొనును. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగును పరిశీలించుచు, 1993లో వీని సంగతిని ప్రకటించిరి. అందులకు వారికి 2024లో నోబెల్ బహుమానము లభించెను. మెదడు అదిరిన తరువాత వీనిలో కొన్ని పెరుగును, కొన్ని తగ్గును. ఆ మార్పులు రక్తముద్వారమునను నాడులద్వారమునను లాలాజలమును చేరునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వైద్యులు 7 మొదలు 21 ఏండ్ల వరకు వయస్సుగల 52 మంది లాలాజలమును పరీక్షించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. వీరందరును మెదడు అదిరినవారే. ఎవరు త్వరలో కోలుకొందురు, ఎవరికి నాలుగు వారములు దాటినను బాధ మిగులును అను విషయమును 5 మైక్రో ఆర్.ఎన్.ఏ.లు నూటికి సుమారు 85 వంతులు సరిగా సూచించెను. ప్రశ్నలడుగు పాతపద్ధతి అంత సరిగా సూచింపలేకపోయెను. తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమువారు 1,028 మంది రగ్బీ ఆటగాండ్రను రెండు క్రీడాకాలములలో పరిశీలించి, 2021లో తమ ఫలితములను వెల్లడించిరి. ఆట కాలము రాకమునుపు, దెబ్బ తగిలినప్పుడు, ఆట ముగిసిన పిమ్మట, మరల ఒకటి రెండు దినములకు లాలాజలమును సేకరించిరి. 14 చిన్న ఆర్.ఎన్.ఏ.ల సాయమున, మెదడు అదిరినవారిని తక్కినవారినుండి చాలవరకు వేరుపరుపగలిగిరి.

ఈ పరీక్షకు సూది అక్కరలేదు. దూది పుల్లతో నోటినుండి కొంచెము లాలాజలమును తీసిన చాలును. అందుచే చిన్నపిల్లలకును భయముండదు, పలుమార్లు తీసికొనవచ్చును. మొదట మారిన పదార్థములు దినదినమునకు పూర్వస్థితికి వచ్చుట కనబడినచో, మెదడు కోలుకొనుచున్నదని తెలిసికొనవచ్చునని పరిశోధకుల ఆశ.

అయినను తొందరపడరాదు. ఇంగ్లండున పరీక్షించినది వయోజనులగు పురుషులను మాత్రమే. బాలబాలికలకు అదే కొలత సరిపోవునని చెప్పుటకు వీలులేదు. వ్యాయామమువలనను, నోటి వ్యాధులవలనను లాలాజలము మారును. పైగా ఈ సూక్ష్మపదార్థములను కొలుచుటకు మంచి ప్రయోగశాల కావలెను. కావున ఈ పరీక్ష వైద్యునకు తోడు కాగలదే గాని, వైద్యునకు మారు కాజాలదు. పల్లెటూరి మైదానములకు అది ఇంకను రాలేదు.

అది వచ్చువరకు సాక్ష్యము చెప్పవలసినవారు ఆటగాడును, అతని స్నేహితులును. తలకు దెబ్బ తగిలి ఎవరైనను తత్తరపడినచో, వెంటనే ఆటనుండి తప్పింపవలెను. ఆ దినమున మరల ఆడనీయరాదు, ఒంటరిగా విడువరాదు. మాటిమాటికి వాంతి యగుట, తలనొప్పి హెచ్చుట, మూర్ఛ వచ్చుట, లేపినను లేవని మగత, కాలుసేతుల బలహీనత, చెవి ముక్కులనుండి నీరో నెత్తురో కారుట కనబడినచో, 108కి ఫోను చేసి పెద్ద ఆస్పత్రికి చేర్పవలెను. అట్టివి లేకున్నను వైద్యునకు చూపుట మంచిది. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి నిచ్చి, ఫోను, టెలివిజన్లను తగ్గింపవలెను. పిదప మెల్లగా నడక, బడి, తేలిక పరుగు, సాధన అను మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కవలెను. ఏ మెట్టున బాధ హెచ్చినను ఆగి, క్రింది మెట్టునకు దిగవలెను. చదువు కుదుటపడిన తరువాతనే, వైద్యుడు సమ్మతించిన పిదపనే పందెమునకు దిగవలెను. చిన్నవారిలో పెక్కుమందికి ఇందుకు నాలుగు వారములవరకు పట్టును.

ఒక ఆటకు దూరమైనచో మరియొక సంక్రాంతికి ఆడవచ్చును. చెడిన మెదడునకు బదులు తెచ్చుటకు వీలులేదు. కావున దెబ్బ తగిలియు మరల కూతకు పోవు బాలునకు కాదు, "నా తల తిరుగుచున్నది, నేను ఆడలేను" అని నిజము చెప్పి ప్రక్కకు వచ్చిన బాలునకు చప్పట్లు కొట్టవలెను. అతడిని చేయి పట్టుకొని ఇంటికి చేర్చిన స్నేహితుడును మెప్పునకు పాత్రుడే.