తొట్టెలో తుపాను!

కొబ్బరిచెట్టంత స్తంభాన్ని నీళ్లలో నిలువుగా తేలనిచ్చి, దాని తలమీద ఓ పెద్ద పంకా బిగిస్తే ఏమవుతుంది? మరుక్షణమే బోర్లా పడుతుంది. అలాంటిది, వేల టన్నుల గాలిమరను నడిసముద్రంలో తేలుస్తూ కరెంటు తీయాలంటే..? అదీ సాధ్యమైంది. కాకపోతే సముద్రంలోకి అడుగుపెట్టే ముందు ఆ మర ఓ పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్ష జరిగేది ఓ నీళ్లతొట్టెలో!

సముద్రం మీద గాలి జోరెక్కువ. తీరానికి దగ్గర్లో అయితే అడుగున పునాది వేసి మరను నిలబెట్టొచ్చు. లోతు 50, 60 మీటర్లు దాటిందా, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఇంజినీర్లు పునాది మాట పక్కనపెట్టి, మరను ఓడలా తేలనిచ్చి లంగరు గొలుసులతో కట్టేయాలనుకున్నారు. మరి తీరా కట్టి నీళ్లలోకి దించాక తిరగబడితే? నార్వే సంస్థ స్టాటాయిల్ (ఇప్పటి పేరు ఈక్వినార్) 2009లో సముద్రంలో నిలిపిన తొలి పూర్తిస్థాయి తేలే గాలిమర ‘హైవిండ్’కి దాదాపు 40 కోట్ల క్రోనర్లు ఖర్చయింది. అంత సొమ్ముతో జూదమాడలేరు కదా!

ఊయల ఊగిన బొమ్మ

అందుకే ముందు బొమ్మ మరను చేశారు. నార్వేలోని ట్రాండ్‌హైమ్ నగరంలో ఓ భారీ తొట్టె ఉంది. 80 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. 2005లో అసలు మరకు 47వ వంతు సైజులో చేసిన నమూనాను అందులో తేల్చారు. ఓపక్క యంత్రాలతో అలలు పుట్టిస్తూ, మరోపక్క గాలి కొట్టించారు.

అక్కడే ఓ చిక్కు కళ్లకు కట్టింది. గాలి బాగా ఎక్కువైతే మర తన రెక్కల కోణం మార్చుకుని ఒత్తిడి తగ్గించుకుంటుంది. నేలమీద ఇది మంచి ఏర్పాటే. నీళ్లమీదే వస్తుంది తంటా! అలకి మర గాలికి ఎదురుగా ముందుకు ఒరిగినప్పుడు రెక్కలకు గాలి పెరిగినట్టు అనిపిస్తుంది. వెంటనే కోణం మారుతుంది, వెనక్కి నెట్టే బలం తగ్గుతుంది. దాంతో మర ఇంకాస్త ముందుకు ఒరుగుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు కథ తిరగబడుతుంది. గాలి తగ్గిందనుకుని రెక్కలు మరింత గాలిని పట్టి, మరను ఇంకా వెనక్కి తోస్తాయి. ఊగే ఉయ్యాలను అదను చూసి ఎవరో తోస్తున్నట్టే! రెక్కల్ని తిప్పే పద్ధతిని మారిస్తే ఈ ఊగిసలాట అదుపులోకి వస్తుందని కూడా తొట్టెలోనే తేలింది. ఆ పాఠం నేర్చుకుని సముద్రంలోకి వెళ్లిన హైవిండ్, 19 మీటర్ల అలను సైతం తట్టుకుంది.

అల సరే... గాలో?

బొమ్మను చిన్నది చేసినంత మాత్రాన సరిపోదు. సముద్రాన్నీ అదే లెక్కన కుదించాలి. ఆ లెక్క చెప్పినవాడు విలియం ఫ్రౌడ్. 1870ల్లో ఇంగ్లండ్‌లోని టార్కీ పట్టణంలో తొట్టె కట్టి ఓడల నమూనాలను పరీక్షించాడాయన. విశాఖలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో యుద్ధనౌకల నమూనాల పరీక్షలకూ ఆయన సూత్రమే ఆధారం. దాని ప్రకారం 50వ వంతు నమూనాకు 10 మీటర్ల అల 20 సెంటీమీటర్లవుతుంది. 14 సెకన్లకోసారి వచ్చే అల 2 సెకన్లకే రావాలి. బరువు మాత్రం ఏకంగా లక్షా పాతికవేల వంతుకు తగ్గాలి!

నీళ్లు ఈ లెక్కకు లొంగాయి కానీ, గాలి మొండికేసింది. 2011లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయం బృందం మూడు రకాల తేలే మరల నమూనాలను నెదర్లాండ్స్‌లోని ‘మారిన్’ తొట్టెలో పరీక్షించింది. అసలు రెక్కలకు అచ్చుగుద్దినట్టు చేసిన బుల్లి రెక్కలకు రావాల్సిన బలం రాలేదు. అంత చిన్న రెక్కకు, అంత నెమ్మది గాలి తేనెలా చిక్కగా తోస్తుంది మరి! అప్పటికి గాలి వేగం పెంచి పని నడిపించినా, తర్వాత రెక్కల ఆకారాన్నే మార్చి 2013లో మళ్లీ పరీక్షించారు. రూపం పోలకపోయినా పర్లేదు, బలం పోలితే చాలన్నమాట.

ట్రాండ్‌హైమ్ పరిశోధకులు మరో అడుగు ముందుకేసి, 2015లో గాలినే పక్కన పెట్టేశారు. అలల మీద నమూనా కదులుతుంటే, ఆ క్షణాన గాలి ఎంత బలంతో తోస్తుందో కంప్యూటర్ లెక్కకడుతుంది. సన్నని తీగలు అంతే బలంతో నమూనాను లాగుతాయి. తోలుబొమ్మలాటే!

అదే ఏడాది మెయిన్ విశ్వవిద్యాలయం సొంతంగా తొట్టె కట్టుకుంది. దాని పైనుండే గాలి యంత్రం చుట్టూ తిరగగలదు. కాబట్టి అల ఓ దిక్కు నుంచి, గాలి మరో దిక్కు నుంచి వచ్చినా మర తట్టుకుంటుందో లేదో చూడొచ్చు. నిజం తుపానులో జరిగేదీ అదేగా!

ఈ కష్టానికి ఫలితం స్కాట్లాండ్ తీరంలో కనిపించింది. పీటర్‌హెడ్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో 5 మరలతో, 30 మెగావాట్ల సామర్థ్యంతో ‘హైవిండ్ స్కాట్లాండ్’ 2017 అక్టోబరులో మొదలైంది. ఆ డిసెంబరులోనే కారోలిన్ తుపాను రానే వచ్చింది. 8 మీటర్లు దాటిన అలలు విరుచుకుపడ్డా మరలు చెక్కుచెదరలేదు. చెదరకపోవడంలో వింతేముంది... అంతకుముందే తొట్టెలో అలాంటి తుపాన్లెన్నో చూసిన వంశం కదా వాటిది!